కొంగల లెక్క చెప్పే చెరువుల జాతకం

సంక్రాంతి దగ్గర పడిందంటే అనంతపురం, హిందూపురం ప్రాంతపు పత్రికల్లో ఒక వార్త ఏటా కనిపిస్తుంది. వీరాపురానికి సైబీరియా పక్షులు చేరుకున్నాయని, వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన విదేశీ అతిథులకు ఊరు ఆశ్రయం ఇచ్చిందని. పక్కనే ఫొటో ఉంటుంది. చింతకొమ్మ మీద పొడవాటి పసుపు ముక్కు, ఈకలు లేని నారింజ రంగు ముఖం, తెల్లని ఒంటికి అడ్డంగా నల్లపట్టీ, తోక దగ్గర గులాబీ రంగు పూత. వార్తలో పక్షులు రావడం నిజం. ఊరివాళ్లు వాటి జోలికి ఎవర్నీ పోనివ్వకపోవడమూ నిజం. సైబీరియా ఒక్కటే నిజం కాదు.

ఈ చిన్న పొరపాటును పట్టించుకోవాల్సిన కారణం ఉంది. పక్షి ఎక్కడిదో తప్పుగా తెలిస్తే, దాని బాగోగులకు ఎవరు బాధ్యులో కూడా తప్పుగానే తెలుస్తుంది. సైబీరియా పక్షి ఒక ఏడాది తగ్గితే అక్కడెక్కడో ఏదో జరిగిందనుకుని ఊరుకుంటాం. మన చెరువుల పక్షి తగ్గితే మాత్రం మన చెరువుల్లో ఏం జరిగిందో వెతకాలి. ఆ వెతుకులాటకు మొదట కావాల్సింది లెక్క. ఎన్ని పక్షులు, ఎన్ని గూళ్లు, ఏ నెలలో, ఏ చెరువు మీద.

గుడ్డు పెట్టిన చోటే ఇల్లు

వీరాపురం చిలమత్తూరు మండలంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగేదాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. ఇక్కడి చింతచెట్ల మీద గూళ్లు కట్టేది ఎర్రకాళ్ల కొంగ. ఇంగ్లీషులో పెయింటెడ్ స్టార్క్, శాస్త్రీయ నామం మిక్టీరియా ల్యూకోసెఫాలా. నిలబడితే దాదాపు మీటరు ఎత్తు. రెక్కలు చాస్తే మీటరున్నర. ఇది బతికేది భారతదేశం, శ్రీలంక, నేపాల్, పాకిస్తాన్‌లోని కొన్ని చోట్లు, ఆగ్నేయాసియా దేశాల్లో. హిమాలయాలకు ఉత్తరాన దీని ఉనికి లేదు.

పుస్తకం తెరవకుండానే ఈ సంగతి తేల్చుకునే దారి ఒకటుంది. పక్షి ఎక్కడ గుడ్డు పెడుతుందో చూడాలి. ఉత్తరాది చలి దేశాల పక్షులు అక్కడి వేసవిలో, అంటే మే నుంచి జులై మధ్య, గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతాయి. అప్పుడక్కడ పగలు చాలా పొడవు, పురుగులకు కొదవ ఉండదు. ఆగస్టు నుంచి మంచు ముందు కదిలి దక్షిణానికి దిగుతాయి. మన దగ్గర చలికాలం గడిపి మార్చి, ఏప్రిల్ నెలల్లో తిరిగిపోతాయి. ఇక్కడున్నన్నాళ్లూ వాటి పని తినడం, ఒళ్లు చేయడం, పాత ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకోవడం. గూడు కట్టడం మాత్రం కాదు. కాబట్టి మాఘమాసంలో మన ఊరి చెట్టు మీద గుడ్లు పొదిగే పక్షి చలికి పారిపోయి వచ్చినది కాదు. ఇదే దాని ఇల్లు.

మరి సైబీరియా పేరు ఎలా అంటుకుంది? ఆ పేరు నిజంగా చెల్లే పక్షి ఒకటి మన దేశానికి వచ్చేది. అది సైబీరియన్ క్రేన్. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో చలికాలం గడిపే ఆ గుంపు ఏటేటా తరిగిపోయి, 2002 తర్వాత కనిపించకుండా పోయింది. క్రేన్, స్టార్క్, హెరాన్ మూడూ మనకు కొంగలే కనుక, పక్షి పోయినా పేరు ఇంకో కొంగకు తగులుకుంది. దూరం నుంచి వచ్చిందంటే వార్తకు బరువు పెరుగుతుందన్న ఆశ కూడా అందులో కొంత ఉండొచ్చు.

ఎర్రకాళ్ల కొంగ కూడా వలసపోతుంది. అయితే అది స్థానిక వలస. గూళ్ల కాలం అయిపోయాక పెద్దవీ పిల్లలూ చెదిరి, దక్కను పీఠభూమి మీద నీరున్న చెరువులు, జలాశయాలు వెతుక్కుంటూ పోతాయి. మళ్లీ కాలం రాగానే నమ్మకమైన చెట్ల దగ్గర గుమిగూడతాయి. కర్ణాటకలోని మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరులో కూడా ఇవే కొంగలు గూడబాతులతో కలిసి ఊరి మధ్య చెట్ల మీద పిల్లల్ని లేపుతాయి. అక్కడివాళ్లు వీటిని కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలంటారు. విదేశీ అతిథులన్న పత్రికల మాట కంటే ఆ ఊరి మాటే శాస్త్రానికి దగ్గర.

నీరు తగ్గితేనే విందు

అనంతపురం ఏడాది వర్షపాతం సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు. పడమటి కనుమలు నైరుతి మేఘాలను తమ వైపే దించేసుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు కోస్తాను తడిపి ఇక్కడికొచ్చేసరికి నీరసిస్తాయి. రెండింటికీ చివరి బంతి ఇదే. కురిసే వానలో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరు చుట్టూ పడుతుంది. అందుకే విజయనగర కాలం నుంచీ ఇక్కడి బతుకు చెరువు మీద ఆధారపడింది. బుక్కపట్నం, బుక్కరాయసముద్రం, శింగనమల, ధర్మవరం, ఇంకా పేరు బయటికి తెలియని వందల చిన్న చెరువులు. మంచి ఏడాదైతే కార్తీకానికల్లా మరువ పారుతుంది. తర్వాత తూములు తెరుస్తారు. ఎండ తన వాటా తాను తీసుకుంటుంది. సంక్రాంతి నాటికి చెరువు అంచులు వెనక్కి జరగడం మొదలవుతుంది.

మనకు కరువు లక్షణంగా కనిపించే ఆ దృశ్యమే ఎర్రకాళ్ల కొంగకు పండుగ. కారణం దాని వేట పద్ధతిలో ఉంది. ఈ కొంగ చేపను చూసి పట్టదు, తగిలితే పడుతుంది. లోతులేని నీళ్లలో నెమ్మదిగా నడుస్తూ, సగం తెరిచిన ముక్కును నీళ్లలో ముంచి అటూ ఇటూ ఊపుతుంది. ఒక కాలితో బురదను కదిపి, రెక్క విప్పి, దాగిన చేపల్ని బెదరగొడుతుంది. ముక్కుల మధ్య చేప తగిలిందో లేదో టక్కున మూసుకుంటుంది. అమెరికాలో ఉండే దీని దగ్గరి బంధువు వుడ్ స్టార్క్ మీద 1960ల్లో ప్రయోగాలు చేసినప్పుడు, చేప తాకిన క్షణం నుంచి ముక్కు మూసుకోవడానికి పట్టింది సెకనులో నలభయ్యో వంతు, అంటే 25 మిల్లీసెకన్లు. మనిషి రెప్ప వేయడం దీని ముందు చాలా నెమ్మది.

బురద నీళ్లలోనైనా, కళ్లకు ఏమీ కనబడకపోయినా ఈ పద్ధతి పనిచేస్తుంది. కానీ దానికో షరతు ఉంది. నీళ్లలో చేపలు చిక్కగా ఉండాలి. నిండు చెరువులో చేపలు ఎక్కువే ఉంటాయి గాని, విశాలమైన లోతు నీళ్లలో చెదిరిపోయి ఉంటాయి. అక్కడ కొంగ కాలు ఆనదు, ఆనినా ముక్కుకు ఏమీ తగలదు. నీరు తగ్గేకొద్దీ అవే చేపలు మడుగుల్లోకి చేరి కిక్కిరిసిపోతాయి. పిల్లల ఆకలి ఉచ్చస్థితిలో ఉండే వారాలూ, చెరువు మడుగులుగా విడిపోయే వారాలూ ఒకటయ్యేలా ఈ కొంగ గూడు కడుతుంది. పంచాంగం చూసి కాదు, నీటి మట్టం చూసి. అందుకే ఒక ఏడాది ముందూ మరో ఏడాది వెనుకా వస్తాయి. కరువు ముదిరి చెరువులు నిండనే నిండని ఏడాది గూళ్లకు చేపలెక్కడివి?

ఆ ఆకలి ఎంతో కూడా ఒక అంచనా ఉంది. ఫ్లోరిడాలో వుడ్ స్టార్క్‌ల మీద పనిచేసిన శాస్త్రవేత్త ఎం. పి. కాల్ 1964లో లెక్క వేసి, ఒక జంటకూ దాని పిల్లలకూ కలిపి ఒక గూళ్ల కాలానికి సుమారు 200 కిలోల చేపలు కావాలన్నారు. మన ఎర్రకాళ్ల కొంగ ఇంచుమించు అదే పరిమాణం. ఆ లెక్కనే ఇక్కడికి తెచ్చుకుంటే వంద గూళ్లున్న ఊరు చుట్టుపక్కల చెరువుల నుంచి ఇరవై టన్నుల చిన్న చేపలు లాగుతోందన్నమాట. కచ్చితమైన అంకె కాకపోయినా, విషయం ఎంత పెద్దదో ఇది చెబుతుంది. చెట్టును ఊరు కాపాడగలదు. ఇరవై టన్నుల చేపల్ని ఊరొక్కటే సమకూర్చలేదు. అది చుట్టూ ఉన్న డజన్ల చెరువుల పని.

చింతచెట్టు కింద లెక్కింపు

గూళ్ల లెక్క బయటి నుంచి చూస్తే తేలిక పని. చెట్టు కింద నిలబడి ఒకటీ రెండూ అనుకుంటూ పోవడమే కదా అనిపిస్తుంది. చిక్కులు మొదలుపెట్టాకే తెలుస్తాయి.

మొదటి చిక్కు, జంటలన్నీ ఒకేసారి గూడు కట్టవు. గుడ్లు పొదగడానికి దాదాపు నెల, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు నెలలు. ముందొచ్చిన జంట పిల్లలు రెక్కలు ఆడిస్తున్నప్పుడు ఆలస్యంగా వచ్చిన జంట ఇంకా పుల్లలు ఏరుకుంటూ ఉంటుంది. అందుకే జనవరిలో మొదలైన గూళ్ల కొలువు ఎండాకాలం దాటేదాకా సాగుతుంది. ఫిబ్రవరిలో ఒక్కరోజు లెక్కపెడితే వెనకొచ్చినవి తప్పిపోతాయి. మే నెలలో లెక్కపెడితే ముందొచ్చినవి వెళ్లిపోయి ఉంటాయి. ఏడాదికి ఒక్క లెక్కతో సరిపెట్టుకోవాలంటే, ఏటా అదే వారంలో లెక్కించడం కనీస నియమం. వీలైతే రెండు మూడు వారాలకోసారి లెక్కించి, అందులో అతి పెద్ద అంకెను ఆ ఏడాది అంకెగా తీసుకోవడం మేలు.

రెండోది, పక్షుల్ని లెక్కించాలా, గూళ్లనా? పక్షులు కదులుతాయి. ఉదయం నేల వేడెక్కి గాలి పైకి లేవగానే పెద్ద కొంగలు ఆ గాలి మీద సుడులు తిరుగుతూ ఎత్తుకు పోయి, రెక్క కదపకుండా దూరపు చెరువులకు జారిపోతాయి. మధ్యాహ్నం చెట్టు మీద మిగిలేది కాపలా కొంగలే. గూడు కదలదు. ఒక గూడంటే ఒక జంట. పైగా గూట్లో ఏముందో దాన్ని బట్టి కాలం చెప్పవచ్చు. కొంగ కూర్చునే ఉంటే పొదుగుతోందని, పక్కన నిలబడి ఉంటే కింద చిన్న పిల్లలున్నాయని, తెల్లటి నూగు పోయి బూడిద గోధుమ రంగు ఈకలు వచ్చిన పిల్లలు ఒంటరిగా ఉంటే ఎగరడానికి ఎన్నో రోజులు లేవని. అందుకని కొలువుల్లో గూళ్ల లెక్కకే శాస్త్రవేత్తలు ఎక్కువ విలువ ఇస్తారు.

మూడోది, చింత ఆకు. గుబురు కొమ్మల్లో ఒక పక్క నుంచి ఇరవై గూళ్లు కనిపిస్తే ఇంకో పక్క నుంచి పాతిక కనిపిస్తాయి. చెట్టుకో నంబరు వేసి, ఏ చెట్టును ఎక్కడ నిలబడి చూశామో రాసుకుని, ఏటా అక్కడే నిలబడి చూడాలి. ఇద్దరు విడివిడిగా లెక్కించి పోల్చుకోవాలి. తేడా వస్తే వాదించుకోనక్కర్లేదు, రెండూ రాయాలి. ఆ తేడాయే మన లెక్కలో ఎంత లోపం ఉండొచ్చో చూపే కొలత.

చెట్టెక్కడం, డ్రోన్ ఎగరేయడం, పక్షులు లేస్తాయని చప్పట్లు కొట్టడం చేయకూడని పనులు. అనంతపురం ఎండలో గూటి మీద నుంచి తల్లి లేచిందంటే పిల్ల నేరుగా ఎండకు దొరుకుతుంది, కాకులకు సందు దొరుకుతుంది. మధ్యాహ్నాలు పెద్ద కొంగ రెక్కలు గొడుగులా పట్టి పిల్లల మీద నీడ పరుస్తూ గంటలు గంటలు నిలబడడం చూడవచ్చు. తన ఒళ్లు చల్లబడడానికి అది తన కాళ్ల మీదే పలుచని రెట్ట వేసుకుంటుంది. తడి ఆరేటప్పుడు కాళ్లలోని రక్తం చల్లబడుతుంది. పేరుకు ఎర్రకాళ్ల కొంగే అయినా వేసవిలో దాని కాళ్లు సున్నం కొట్టినట్టు కనిపించడానికి కారణం అదే.

నిజమైన దూరప్రయాణికులు

అయితే అనంతపురానికి దూరదేశాల పక్షులు రావా? వస్తాయి. కాకపోతే ఫొటోలకు దొరకవు, చెట్టు కింద నిలబడితే కనబడవు. ఎక్కువ భాగం చెరువు దగ్గర కూడా ఉండవు. మనం బంజరు అని రాసిపెట్టుకున్న గడ్డి బీళ్ల మీద ఉంటాయి.

చలికాలం పొద్దుటిపూట చెనక్కాయ కోసిన చేల మీద, గడ్డి మీద, మనిషి ఎత్తులో నింపాదిగా తేలిపోయే సన్నపాటి గద్ద కనిపిస్తే అది పిల్లిగద్ద. మాంటేగూస్ హ్యారియర్, ప్యాలిడ్ హ్యారియర్ అనే రెండు రకాలు కజకిస్తాన్, దక్షిణ రష్యా గడ్డి మైదానాల్లో గూళ్లు కట్టి మన మెట్టకు దిగివస్తాయి. సైబీరియా మాట ఎవరికైనా వాడాలనుకుంటే వీటికి వాడితే కొంత న్యాయం. ఇక్కడ వీటి ముఖ్యమైన తిండి మిడతలు. రైతు చేలో పురుగుమందు లేకుండా జరిగే పని అది.

పిల్లిగద్దల్ని లెక్కించే పద్ధతి కొంగల లెక్కకు తిరగేసిన పద్ధతి. పగలంతా అవి విడివిడిగా ఎక్కడెక్కడో తిరుగుతాయి. పొద్దు వాలాక అన్నీ ఒకే గడ్డిబీడుకు చేరి నేల మీదే పడుకుంటాయి. కాబట్టి సాయంత్రం ఆ బీడుకు నాలుగు దిక్కులా మనుషులు దూరంగా కూర్చుని, ఎవరి దిక్కు నుంచి వచ్చినవాటిని వారు చీకటి పడేదాకా రాసుకుని కలుపుతారు. నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు ఇలాంటి పడకకు దేశమంతటా పేరుపడింది. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ గడ్డి నేల మీద, 1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు పిల్లిగద్దల్ని పెద్ద సంఖ్యలో నమోదు చేశారు. తర్వాతి దశాబ్దాల్లో అక్కడ ఆ సంఖ్య బాగా పడిపోయింది. అప్పటి లెక్క లేకపోతే ఇప్పటి తరుగుదల తెలిసేదే కాదు.

జొన్న కంకి పాలు పోసుకునే వేళ చేల మీద మబ్బులా వాలే గులాబీ రంగు గోరింకలు ఇంకో రకం. ఇవి మధ్య ఆసియా కొండగుట్టల్లో మిడతలు పుష్కలంగా దొరికే రెండు మూడు నెలల్లో పిల్లల్ని లేపి, జులై చివర్లోనే మన దేశంలో దిగడం మొదలుపెడతాయి. ఏప్రిల్ దాకా ఉంటాయి. మోదుగ పూసే రోజుల్లో ఆ పూల మీదే కాపురం. ఏడాదిలో ఎక్కువ నెలలు మన దగ్గర గడిపే ఈ పక్షిని అతిథి అనడం కూడా ఆలోచించాల్సిన సంగతే. అనంతపురంలో జొన్న, కొర్ర తగ్గి చెనక్కాయ ముంచెత్తిన దశాబ్దాల్లో ఈ గుంపులు పెరిగాయా తరిగాయా అని చెప్పగల ఊరి లెక్కలు ఉండి ఉంటే ఎంత బాగుండేది!

ఇలాంటి గుంపును ఒక్కొక్కటిగా లెక్కించడం ఎవరి వల్లా కాదు. పది పక్షుల్ని లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు తీసుకున్నాయో కంటికి పట్టించుకోవాలి. ఆ చోటును కొలతగా చేసుకుని గుంపు మీద జరుపుకుంటూ పోవాలి. గుంపు మరీ పెద్దదైతే పదికి బదులు వంద. కొత్తవాళ్లు పెద్ద గుంపును సాధారణంగా తక్కువగా అంచనా వేస్తారు. ఫొటో తీసి ఇంటికెళ్లి చుక్కలు పెట్టి లెక్కించి పోల్చుకుంటే నాలుగైదు సార్లలో కన్ను కుదురుకుంటుంది.

తల మీద రెండు నల్లగీతలుండే బార్ హెడెడ్ గూస్ బాతులు దక్కను చెరువులకు వచ్చే మరో దూరప్రయాణికులు. మంగోలియాలో మెడకు నంబరు పట్టీ వేసిన బాతులు కర్ణాటక చెరువుల్లో కనిపించడంతో వాటి దారి తెలిసింది. హిమాలయాలు దాటేటప్పుడు ఇవి ఎప్పుడూ శిఖరాల పైనుంచే పోతాయని అనుకునేవారు. ఉపగ్రహ పరికరాలు కట్టి చూస్తే, కొండల ఎత్తుపల్లాల వెంటే ఎక్కుతూ దిగుతూ పోతాయని, 6,000 మీటర్లు దాటడం అరుదని తేలింది. నమోదైన అత్యధిక ఎత్తు 7,290 మీటర్లు.

1900 నాటి ఒక నమోదు

లెక్క అనగానే పెద్ద అంకెలే గుర్తొస్తాయి. ఒక్క పక్షి, ఒక్క తేదీ, ఒక్క చోటు కూడా లెక్కే. దానికి అనంతపురమే సాక్ష్యం. కలివికోడి అనే పక్షిని థామస్ జెర్డాన్ 19వ శతాబ్దంలో వెలుగులోకి తెచ్చాడు, 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దానికి శాస్త్రీయ వర్ణన రాశాడు. 1900లో హోవర్డ్ క్యాంప్‌బెల్ అనంతపురం దగ్గర దాన్ని చూసినట్టు నమోదు చేశాడు. ఆ తర్వాత 86 ఏళ్లు ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో, స్థానిక వేటగాడి సాయంతో, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ దాన్ని మళ్లీ బయటపెట్టాడు. అంత కాలం ఆ పక్షి ఎక్కడ వెతకాలో చెప్పడానికి మిగిలిన ఆధారాలు పెన్నా, గోదావరి లోయల్లోని కొన్ని పాత నమోదులే. క్యాంప్‌బెల్ రాసుకోకపోతే వాటిలో చివరిది ఉండేది కాదు.

అదే 1900లో, డిసెంబరు 25న, ఉత్తర అమెరికాలో ఫ్రాంక్ చాప్‌మన్ పిలుపుతో 27 మంది క్రిస్మస్ వేటకు బదులు పక్షుల లెక్కకు బయల్దేరారు. ఏటా ఒకే రోజుల్లో మామూలు మనుషులు కలిసి లెక్కించే ఆచారానికి అది మొదలు. మన ఉపఖండంలో నీటి పక్షుల కోసం ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ 1987లో మొదలైంది. ఏటా జనవరిలో ఔత్సాహికులు తమ దగ్గరి చెరువుకు వెళ్లి లెక్కిస్తారు. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. ఇంటి పెరడు, పొలం గట్టు, కళాశాల ఆవరణ ఏదైనా చాలు, పావుగంట నిలబడితే చాలు. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వంటి విశాలమైన ఆవరణలు ఇందుకు సరిగ్గా సరిపోతాయి. 2002లో మొదలైన ఈబర్డ్ అనే వేదికలో ఈ జాబితాలన్నీ చేరతాయి.

అలా చేరిన జాబితాలు ఏం చేయగలవో 2023లో వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదిక చూపింది. 30,000 మంది పక్షి పరిశీలకులు పోగుచేసిన మూడు కోట్ల నమోదుల నుంచి 942 జాతుల పరిస్థితిని అంచనా కట్టారు. దీర్ఘకాలపు పోకడ తేలిన 338 జాతుల్లో 204 తగ్గాయి. గడ్డి నేలల పక్షులు, వేట పక్షులు, దూరదేశాల నుంచి వచ్చే పక్షులు ఎక్కువగా దెబ్బతిన్నాయి. పిల్లిగద్ద ఈ మూడు కోవల్లోనూ ఉంది.

ఈ జాబితాల బలమంతా ఒక నియమంలో ఉంది. చూసిన ప్రతి జాతినీ రాయాలి. కాకినీ, మైనానూ వదలకూడదు. ఎంతసేపు చూశామో, ఎంత దూరం నడిచామో చెప్పాలి. అప్పుడే రాయనిది లేనిదని అర్థమవుతుంది. అరుదైన పక్షి కనిపించిన రోజే రాసి, ఏమీ కనబడని రోజు పుస్తకం మూసేస్తే, ఆ లెక్కలో పక్షులు ఎప్పటికీ తగ్గవు. ఖాళీ చెరువు ముందు నిలబడి సున్నా రాసేవాడే కరువు ఏడాదిని కొలిచినవాడు.

సున్నా పక్కన నీటి మట్టం

ఇన్నాళ్లూ అనంతపురం చెరువులకు వానే దిక్కు. ఇప్పుడు పరిస్థితి మారుతోంది. తుంగభద్ర ఎగువ కాలువ కొంత ప్రాంతానికి ఎప్పటి నుంచో నీళ్లిస్తోంది. హంద్రీ నీవా ద్వారా కృష్ణా జలాలు 2012లో జీడిపల్లి జలాశయానికి చేరాయి, ఆ తర్వాత దక్షిణంగా మరికొన్ని చెరువుల దాకా వచ్చాయి. రైతుకు ఇది బతుకు. కొంగకు మంచా చెడా అన్నది అంత తేలిగ్గా చెప్పేది కాదు. నీళ్లే లేని ఏడాది కంటే నీళ్లున్న ఏడాది మేలే. కానీ పిల్లలు గూట్లో ఉన్న ఫిబ్రవరి, మార్చి నెలల్లో తగ్గుతున్న చెరువుకు ఒక్కసారిగా నీళ్లు వదిలితే, మడుగుల్లో చేరిన చేపలు మళ్లీ చెదిరిపోతాయి.

ఇది ఊహ మాత్రమే కాదు, ఫ్లోరిడాలో జరిగిన కథ. అక్కడి ఎవర్‌గ్లేడ్స్ తడి నేలల్లో వుడ్ స్టార్క్‌లు కూడా నీరు తగ్గే కాలానికే గూళ్లు కట్టేవి. 20వ శతాబ్దంలో కాలువలు తవ్వి, కట్టలు వేసి, నీటిని మనుషుల అవసరం ప్రకారం వదలడం మొదలుపెట్టాక ఆ తీరు తారుమారైంది. అకాలంగా నీటి మట్టం పెరిగిన ఏడాదుల్లో కొంగలు గూళ్లనే వదిలేసి పోయేవి. 1984లో ఆ పక్షిని అమెరికా తన అంతరించే ప్రమాదమున్న జాబితాలో చేర్చింది. దశాబ్దాల గూళ్ల లెక్కలే సాక్ష్యంగా నిలిచి, తడి నేలల పునరుద్ధరణలో ఆ కొంగ ఒక కొలబద్ద అయింది. సంఖ్య కోలుకోవడంతో 2014లో ప్రమాద స్థాయిని ఒక మెట్టు తగ్గించారు.

వీరాపురంలో అలాంటిదేమైనా జరుగుతోందా అన్నది కొన్నేళ్ల గూళ్ల లెక్కనూ, చుట్టుపక్కల చెరువుల నీటి మట్టాలనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది. దానికి పెద్ద పరిశోధనా కేంద్రం అక్కర్లేదు. చెట్టు కింద ఒకరు, చెరువుకు ఒకరు, పదిహేను రోజులకోసారి నాలుగు అంకెలు రాసుకుంటే సరి. తేదీ, గంట, గూళ్లు ఎన్ని, తూము దగ్గర నీరు ఎన్ని మెట్ల కింద ఉంది. బడి పిల్లలైనా చేయగలరు. సున్నా వచ్చిన రోజూ రాయాలి, సున్నా పక్కన నీటి మట్టమూ రాయాలి.

ఎందుకంటే చింతచెట్టు మీది గూడు అటవీ శాఖ కిందికి వస్తుంది, చెరువులోని నీరు నీటిపారుదల శాఖ చేతిలో ఉంటుంది, చేపలు మత్స్యశాఖవీ సొసైటీలవీ, కట్ట కింది పైరు రైతుది. కొంగ ఒక్కటే ఈ నలుగురి మీదుగా రోజూ ఎగురుతుంది. ఏ తూము ఏ నెలలో తెరిస్తే ఎవరికెంత నష్టమో మాట్లాడుకోవడానికి ఈ నలుగురూ ఒకచోట కూర్చోవాలంటే, బల్ల మీద ఒక కాగితం ఉండాలి. ఆ కాగితం సైబీరియా వాళ్లెవరూ పంపరు. వీరాపురం చుట్టుపక్కల ఊళ్లే రాసుకోవాలి.